రాను పోను చార్జీలు

సుగుణమ్మ సంగతి చెప్పమంటే కాడుగోడిలో అందరూ నాకల్ల చూస్తారు. "మరియమ్మకు తెలిసినంత ఇంకెవురికి తెలుసు" అంటారు. తెలుసప్పా. అంత తెలుసు కాబట్టే ఇన్నేండ్లు నోరు మూసుకొని ఉండేది. పోస్టాయన పదకొండు గంటలకు వస్తాడు, నాకొక జవాబు రావాల, అంతలోపల చెప్పేస్తా. కానీ ముందే ఒక మాట, తర్వాత నన్ను అనొద్దు. ఆమెను తలుచుకుంటే నాకు కడుపుమంట. మంచి మనిషే, కాదనను. మంచివాళ్ల మీదనే కదా ఎక్కువ మండేది.

ఆమెది గుత్తి పక్కన ఏదో పల్లె. నాయన సున్నపు బట్టీలో కూలి. తల్లి పోయినాక ఆ బిడ్డను మిషన్ బోర్డింగులో వేసినారంట. అక్కడే చదువు, అక్కడే నర్సు ట్రైనింగు. రైల్వే గ్యాంగులో పని చేసేవాడికిచ్చి పెండ్లి చేస్తే, రెండేండ్లకే అతను టైఫాయిడ్ వచ్చి పోయినాడు. బిడ్డా పాపా లేదు. యాభై నాలుగులో ఒక ట్రంకు పెట్టె, ఒక నల్ల గొడుగు పట్టుకొని మా మిషన్ ఆసుపత్రికి వచ్చి చేరింది. ఇరవై నాలుగేండ్లు అప్పుడు ఆమెకు, నాకంటే నాలుగేండ్లు చిన్న. మొదటి దినమే నన్ను "అక్కా" అనింది. నేనూ పాపమనుకొని నా డబ్బాలో చిత్రాన్నం సగం పెట్టినా.

రెండు వారాలు కాలేదు, ఆమె పోయి మేట్రన్ దొరసానమ్మ ముందర నిలబడింది. "అమ్మా, రాత్రంతా డ్యూటీ చేసినోళ్లకు పొద్దున ఒక లోటా కాఫీ ఇయ్యాల" అనింది. మేమంతా వాకిలి పక్కన నిలబడి, అయిపోయింది ఈమె పని అనుకుంటా ఉన్నాము. దొరసానమ్మ కండ్లద్దాలు తీసి ఒకసారి చూసి, "సరే" అనేసింది. ఆరేండ్లుగా అక్కడ చాకిరీ చేస్తా ఉండేది నేను. నాకు ఆ కాఫీ సంగతి ఒక్కసారైనా తోచలేదా అంటే, తోచింది, దినామూ తోచింది. అడిగేదానికి నోరు రాలేదు. మర్నాటి నుంచి కాఫీ వచ్చింది, నేనూ తాగినా. అప్పుడు మొదలైంది నాకీ మంట.

నా సంగతి కూడా కొంచెం చెప్పాల. లేకుంటే ఈయమ్మ ఊరికెనే కుళ్లుకుంటా ఉండాది అనుకుంటారు. నా మొగుడు ఏలియా బడిలో ప్యూను. కాడుగోడి స్టేషన్ వెనక రెండు గదుల ఇల్లు, అందులో మేమూ, వాళ్లన్న సంసారమూ. పొయ్యి మాత్రం ఒకటే. నా తోడికోడలు సుశీలమ్మ పెద్దది కాబట్టి ముందు ఆమె వండుకోవాల, ఆమె దించినాక నేను. ఆమె దించేసరికి నా డ్యూటీ టైము అయిపోతాది. నా ఆడబిడ్డలిద్దరూ ఎన్నో దినాలు రాత్రి మిగిలిన చల్ల ముద్ద తినే బడికి పోయినారు. నాకు నగలొద్దు, పట్టుచీరలొద్దు. నాది అని ఒక పొయ్యి, దాని ముందర నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు కూర్చునేదానికి జాగా. అంతే నేను దేవుణ్ణి అడిగేది. దేవుణ్ణయితే అడగతా, మనుషులను అడిగేదానికే రాదు.

మా సంఘంలో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉండాది. పూటపూటా ఎసట్లో పోసే ముందు, కొలిచిన బియ్యంలో నుంచి ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వెయ్యాల. నెలకొకసారి ఆడోళ్లంతా ఆ బియ్యం గుడికి తెస్తారు, ఆరాధన అయినాక వేలం వేస్తారు. ఆ డబ్బు స్త్రీల సమాజానిది. జబ్బు పడినోళ్లకు, చదువుకునే బిడ్డలకు, పని కోసం ఊరికి పోయేవాళ్లకు ఇస్తారు. మా ఇంట్లో కుండ సుశీలమ్మది. నా బియ్యంలో పిడికెడు తీసి ఆమె కుండలో వేసుకొని, గుడిలో ఆమె పేరుతో ఇచ్చేది. దానికీ నేను నోరెత్తలేదు.

యాభై ఎనిమిదిలో పేపర్లో ఒక ప్రకటన వచ్చింది. చిక్కమగళూరు కొండల్లో ఒక కాఫీ తోట, కూలీల కోసం కంపెనీ వాళ్లు కట్టిన ఆసుపత్రి, దానికి ఒక నర్సు కావాల. బాడిగ లేకుండా ఇల్లు ఇస్తారంట. వంటింట్లోనే కొళాయి అని కూడా వేసినారు. ఆ ముక్క నేను ఎన్నిసార్లు చదివినానో. వంటిల్లు అనేది వేరేగా ఉండటమే నాకు అబ్బురం, అందులో కొళాయి.

నా చేతివ్రాత మా ఆసుపత్రిలో పేరు పడింది. బోర్డింగులో నాకు ఇంగ్లీషు చెప్పిన దొరసాని చేతివ్రాత అట్లాగే వచ్చింది నాకు. ఎవురికి ఏ అర్జీ కావాలన్నా నా దగ్గరికే రావాల. సుగుణమ్మ కూడా వచ్చింది. "అక్కా, నేనూ వేస్తా ఆ పనికి, నాకూ ఒకటి రాసియ్యి" అనింది. ఆమె మార్కులు నాకంటే తక్కువ, అనుభవం తక్కువ, ఆమెను పిలవరులే అనే ధైర్యంతో రాసిచ్చినా. నెల తిరక్కముందే ఇద్దరికీ ఇంటర్వ్యూకి రమ్మని కార్డులు వచ్చినాయి.

చిక్కమగళూరికి పోయి రావాలంటే మాటలా. పట్నం దాకా రైలు, అక్కడి నుంచి కడూరు దాకా ఇంకో రైలు, అక్కడ దిగి బస్సు, బస్సు దిగి తోట లారీ. అంత డబ్బు మా ఇంట్లో లేదు. ఏలియా పోయి పాస్టరు అయ్యగారితో చెప్పినాడు. ఆదివారం గుడిలో నన్ను అందరి ముందర నిలబెట్టి, "మా సహోదరి మరియమ్మకు ఆ ఉద్యోగం దయచేయండి తండ్రీ" అని అయ్యగారు ప్రార్థన చేసి, పిడికెడు బియ్యం డబ్బు నా చేతిలో పెట్టినారు. కొంగున ముడేసుకున్నా. తర్వాత సుగుణమ్మను కూడా ముందుకు రమ్మన్నారు.

ఆమె లేచి నిలబడింది గానీ ముందుకు రాలేదు. "నాకొద్దయ్యగారూ. ఈ అక్కచెల్లెండ్లు అన్నంలో నుంచి తీసి పెట్టిన బియ్యం అది. కాఫీ కంపెనీ వాళ్ల పనికి వాళ్లు పిలిస్తే, మన కుండల్లో నుంచి ఏల పోవాల? పిలిచినోళ్లనే అడగతా" అనింది. "వాళ్లిస్తారా అమ్మా" అన్నారు అయ్యగారు. "అడగందే అమ్మైనా పెట్టదు కదయ్యగారూ, అడిగి చూస్తా" అనింది. గుడిలో ఆడోళ్లంతా ఆమెనే చూసినారు. కొంగున ముడేసుకున్న డబ్బుతో నేను పక్కనే నిలబడి ఉండా. నన్ను చూసినోళ్లు ఒక్కరూ లేరు.

ఆ సాయంత్రమే వచ్చింది ఆమె, కాగితం కలం పట్టుకొని. "దయచేసి ప్రయాణం ఖర్చులు పంపిస్తే వస్తానని వినయంగా రాయి అక్కా" అనింది. నాకు అప్పుడే ఒక దొంగ బుద్ధి పుట్టింది. దాచేదేముంది, చెప్పేస్తా ఉండా కదా. వినయంగా రాస్తే ఇచ్చినా ఇచ్చేస్తారు. పొగరుగా రాస్తే, ఎవురే ఈ మొండిది అని కార్డు రద్దు చేస్తారు. కంపెనీ దొరలకు ఒక నర్సు పొగరుగా రాస్తే ఊరుకుంటారా?

రాసినా చూడు, నా కడుపులో ఉన్నదంతా తోడి రాసినా. పిలిచింది మీరు, అవసరం నాకెంతో మీకూ అంతే ఉండాది అని రాసినా. రెండు దినాల జీతం పోగొట్టుకొని వచ్చేదానికి మీరు రాను పోను చార్జీలు, తిండి ఖర్చు ఇయ్యాల, ఇది దయ కాదు, న్యాయం అని రాసినా. పిలిచిన నర్సుకు బస్సు చార్జీ ఇయ్యలేని కంపెనీ, కూలీలకు మందులు ఏం కొనిస్తాది అని కూడా రాసినా. పంపకపోతే నా కోసం చూడొద్దు అని ముగించినా. రాస్తా ఉంటే నా చెయ్యి ఆగలేదు. అంత బాగా నేను ఎప్పుడూ రాయలేదు. ఆమె కింద వంకర టింకరగా సంతకం పెట్టి, కవర్లో పెట్టుకొని, "నీ రుణం తీర్చుకోలేను అక్కా" అని పోయింది.

పది దినాలకు ఆమెకు మనియార్డరు వచ్చింది. రాను పోను చార్జీలు, దాని మీద తిండికి. నేను అన్నం ముందర కూర్చోని కూడా తినలేకపోయినా.

ఇద్దరం ఒకటే రైల్లో పోయినాము. అరసీకెరెలో రైలు నిలిస్తే ఆమె దిగి ఇడ్లీ వడ తెచ్చి, "తిను అక్కా, కంపెనీ వాళ్లదే" అని ఆకు నా ఒళ్లో పెట్టింది. నా దగ్గర రాగి ముద్ద, ఊరగాయ ఉన్నింది. వడ తిన్నా. తిట్టుకుంటా తిన్నా.

ఆసుపత్రి వెనకాలే ఆ ఇల్లు. కాంపౌండరు తాళం తీసి ఇద్దరికీ చూపించినాడు. ఎర్ర పెంకులు, రెండు గదులు, వంటిల్లు. నేను కొళాయి తిప్పి చూసినా, నీళ్లు వచ్చినాయి. పొయ్యి కొత్తది, ఇంకా బూడిద పడలేదు. సుగుణమ్మ కిటికీలో నుంచి కాఫీ చెట్లు చూస్తా ఉండాది. నేను మాత్రం ఆ పొయ్యి గట్టు మీద చెయ్యి పెట్టి, నా బిడ్డలిద్దరూ యాడ కూర్చోని తింటారో కూడా చూసుకున్నా.

డాక్టరు పేరు బెళ్లియప్ప. కొడగు మనిషి, మీసాలాయన, నవ్వు తక్కువ. ముందు సుగుణమ్మను పిలిచి అరగంట మాట్లాడినాడు. తర్వాత నన్ను. కాన్పుల గురించి, మలేరియా గురించి ఏమేమో అడిగినాడు, అన్నిటికీ సరిగ్గానే చెప్పినా. ఆయన తల ఊపుతా ఉంటే నాకు ఇల్లు వచ్చేసిందనే అనిపించింది. అప్పుడు ఆయన ఫైలు తెరిచి నా అర్జీ, సుగుణమ్మ అర్జీ, ఆమె ఉత్తరం, మూడూ పక్కపక్కన పెట్టినాడు.

"ఈ మూడూ ఒకటే చేతివ్రాత" అన్నాడు కన్నడంలో.

"అవునయ్యా, ఆమెకు ఇంగ్లీషు సరిగ్గా రాయడం రాదు. నేను రాసిచ్చినా" అన్నా.

"రాసింది నువ్వే. మాటలెవురివి?"

ఆయన మొగంలో కోపం ఉండాదో ఏముండాదో తెలీలేదు. కంపెనీని అన్ని మాటలని రాసినది కదా, కోపమే అనుకున్నా. ఆ కోపం నా మీదికి రాకూడదు, ఆమె మీదికే పోవాల. ఇంక ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆమెవే అయ్యా. అందులో ఒక్క ముక్క కూడా నాది కాదు. ఆమె చెప్పింది, నేను రాసినా, అంతే. నేనైతే అట్లా ఎవురినీ అడగను" అన్నా.

ఆయన ఆ ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆమెను అడిగితే, రాసినామెనే అడగండి అనింది. అందుకే నిన్ను అడిగినా" అన్నాడు. తర్వాత నిదానంగా చెప్పినాడు. మూడేండ్లుగా ఆయన మంచాలు కావాలని, మందులు కావాలని కంపెనీకి రాస్తా ఉండాడంట. వాళ్లు చదివి పక్కన పెడతా ఉండారంట. ఈ ఒక్క ఉత్తరం చూసి మేనేజరు అదే దినం డబ్బు పంపించినాడంట. "నాకు నర్సులు దొరకతారు. ఇట్లా అడిగే మనిషే దొరకలేదు. నీ పని బాగుండాది, ఆమె కంటే బాగుండాది. కానీ ఈ ఉత్తరం ఎవురిదో వాళ్లకే నేను ఈ పని ఇయ్యాలనుకున్నా" అన్నాడు.

అవి నా మాటలే అని అప్పుడైనా చెప్పుండొచ్చు. కానీ చెప్తే అబద్ధాలకోరు అంటాడు. అదీ కాకుండా, ఎందుకు అట్లా రాసినావని అడిగితే ఏమని చెప్పేది? వందనం చెప్పి బయటికి వచ్చేసినా. బయట బెంచీ మీద సుగుణమ్మ నా గొడుగు కూడా పట్టుకొని కూర్చోని ఉండాది.

ఆమె ఆ ఇంట్లో చేరింది. మొదటి నెల జీతమంతా ప్రథమఫలమని మా సంఘానికి పంపించింది. అయ్యగారు గుడిలో చదివినారు. ఆ డబ్బుతో గుడికి రెండు పెట్రోమాక్స్ దీపాలు కొన్నారు. బియ్యం డబ్బు తిని ఉత్త చేతులతో వచ్చినదాన్ని నేను, తినకుండానే తెచ్చి పోసింది ఆమె. సుశీలమ్మ ఆ దినం పొయ్యి దగ్గర, "ఎవురికి రాసిపెట్టింది వాళ్లకే పోతాది లే" అనింది. రాసిపెట్టింది నేనేనని ఆమెకేం తెలుసు.

మూడో నెల సుగుణమ్మ దగ్గర నుంచి తెలుగులో ఉత్తరం వచ్చింది. కాన్పుల గదికి మంచాలు లేవు, కూలీల ఆడోళ్లు నేల మీదనే కంటా ఉండారు, కంపెనీకి అర్జీ రాసి పంపు, నేను సంతకం పెడతా అని. కింద ఇంకో ముక్క రాసింది. "ఆ పొద్దు నా పేరుతో రాసినావే అక్కా, అదే కోపంతో రాయి." అంటే చదివే సంతకం పెట్టింది. నేను ఏం చేసినానో తెలిసే పోస్టులో వేసింది, తెలిసే వడ తినిపించింది, తెలిసే నన్నే అడగండని డాక్టరుతో చెప్పింది. ఆ ఉత్తరం చించి పొయ్యిలో వేసినా. వేసి, కూర్చోని ఆమె అర్జీ రాసినా.

ఎందుకు రాసినావంటే ఏం చెప్పేది. కోపం వస్తే తప్ప నా కలం కదలదు, ఆమెను తలుచుకుంటే తప్ప అంత కోపం రాదు. పదేండ్లు రాసినా అట్లాగే. మంచాలొచ్చినాయి. బాలింతలకు నెల సెలవు, పాలు వచ్చినాయి. తోటలో పసిబిడ్డలను పండబెట్టేదానికి ఉయ్యాలల కొట్టం వచ్చింది. అక్కడి కూలీలు బిడ్డలకు సుగుణ అని పేరు పెడతా ఉండారంట. మరియ అని ఎవురూ పెట్టలేదు. ఏలియా ఒక దినం నేను రాస్తా ఉంటే చూసి, "ఆమెకు అంత రాస్తావు, మనకొక గది ఇయ్యమని మన ఆసుపత్రికి రెండు ముక్కలు రాయగూడదా మే" అన్నాడు. రాసినా కూడా. కింద మరియమ్మ అని పెట్టే కాడికి వచ్చి చించేసినా. నా బిడ్డలు పెద్దవాళ్లై పనుల్లో చేరినారు, ఆ చల్ల ముద్దలు తినే చేరినారు. సుశీలమ్మ ఇంకా ముందే వండుకుంటా ఉండాది.

పోయిన ఆషాఢంలో మళ్లీ ఉత్తరం. ఆసుపత్రి పెద్దదైంది, రెండో నర్సు కావాల, అర్జీ రాయమని. రాసినా. రెండో నర్సుకు కూడా వేరే ఇల్లు కట్టియ్యాల, వంటింట్లో కొళాయి ఉండాల అని నేనే కలిపి రాసినా, ఎవుతో మహారాజు కూతురు వచ్చి సుఖపడతాదిలే అని పండ్లు కొరుక్కుంటా రాసినా. కంపెనీ వాళ్లు ఒప్పుకున్నారు, ఇల్లు కట్టినారు.

పోయిన వారం నాకు మనియార్డరు వచ్చింది. కూపను మీద ఆమె వంకర రాత. "అక్కా, ఆ పనికి నీ పేరు చెప్పినా. ఇంటర్వ్యూకి రా. ప్రయాణం ఖర్చు పంపినాము. నువ్వు అడగవని తెలుసు."

పోస్టాయన వేలిముద్రా సంతకమా అని అడిగినాడు. నా చేతివ్రాత తెలిసిన ఊర్లో నన్ను అడిగే మాటా అది. సంతకం చేసి తీసుకున్నా. రెండు దినాలు ఆ కూపను చూసుకుంటా మండినా. నలభై రెండేండ్లకు ఆమె కింద పని చెయ్యాలనా? నా కోపంతో కట్టిన ఇల్లు నాకే దానం చేస్తాదా? నువ్వు అడగవని తెలుసు, అంట. ఆ ఒక్క ముక్క ముల్లు మాదిరి గుచ్చుకొని రాత్రింబగళ్లు పొడిచింది నన్ను.

మూడో దినం పొద్దున సుశీలమ్మ పొయ్యి మీద నుంచి ఇంకా దించలేదు. నేను వాకిట్లో కూర్చోని ఒక కార్డు తీసి రాసినా.

"సుగుణమ్మకు వందనాలు. నువ్వు పంపినది పోయేదానికి మాత్రమే సరిపోతాది. పిలిచినోళ్లు రాను పోను రెండూ ఇయ్యాల. నాకు రెండు దినాల జీతం కూడా పోతాది, అదీ కలిపి పంపు. ఇది దయ కాదు, న్యాయం. పంపితే వస్తా. పంపకపోతే నా కోసం చూడొద్దు."

రాసి, ఒకసారి చదువుకొని, ఈసారి చించకుండా, కింద మరియమ్మ అని పెట్టినా.